ముక్కల నుంచి బొమ్మ: మెదడు చూసే తీరు

పోటీ పరీక్షల ప్రత్యేకం – జీవశాస్త్రం

కంటిలోని నేత్రపటలంలో దాదాపు 12 కోట్ల దండ కణాలు, 60 లక్షల శంకు కణాలు ఉంటాయి. ఒక్కో కణం దృశ్యంలో చుక్కంత భాగాన్నే గ్రహిస్తుంది. ఈ సమాచారం సుమారు 10 లక్షల తంతువులున్న దృక్‌నాడి ద్వారా థాలమస్‌కు, అక్కడి నుంచి తల వెనుక భాగంలోని ప్రాథమిక దృష్టి వల్కలానికి (వి1) చేరుతుంది.

ముఖ్యాంశాలు

• వి1లోని చాలా నాడీకణాలు ఒక నిర్దిష్ట వాలులో ఉన్న గీతలకు, అంచులకే బాగా స్పందిస్తాయి. పిల్లులపై ప్రయోగాలతో దీన్ని కనుగొన్నవారు డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజల్. వీరు 1981లో రోజర్ స్పెర్రీతో కలిసి వైద్యశాస్త్ర నోబెల్ పంచుకున్నారు.

• తర్వాతి దశల్లో ఒక్కో కణం గమనించే ప్రాంతం పెరుగుతుంది. అంచులు కలిసి ఆకారాలుగా, ఆకారాలు కలిసి వస్తువులు, ముఖాలుగా రూపొందుతాయి.

• కణత వైపు సాగే మార్గం ‘అది ఏమిటి’ అన్నది, నడినెత్తి వైపు మార్గం ‘ఎక్కడ ఉంది’ అన్నది తేలుస్తాయి.

• గెస్టాల్ట్ సూత్రాలు (విడి భాగాలను మెదడు ఒకే రూపంగా కూర్చే నియమాలు): సామీప్యం, సారూప్యం, కొనసాగింపు, పూరణ. వీటిని మాక్స్ వర్ట్‌హైమర్ 1923లో వివరించారు.

• కనిజ్సా త్రిభుజం (1955): గాటు పెట్టిన మూడు నల్లని వృత్తాల మధ్య గీయని త్రిభుజం కనిపిస్తుంది. లేని అంచును మెదడే పూరిస్తుంది.

మాదిరి ప్రశ్న

ఎడమ దృశ్యక్షేత్రంలోని సమాచారం మొదట ఏ మస్తిష్క అర్ధగోళానికి చేరుతుంది?

జవాబు: కుడి. ముక్కు వైపు నేత్రపటల తంతువులు ఆప్టిక్ కయాస్మా (రెండు కళ్ల నాడులు కలిసే చోటు) వద్ద అవతలి వైపునకు దాటుతాయి.