సిలువలు రెండు, తీర్పులు రెండు

మతవిశ్వాసము మనస్సునందుండును. అయినను దానిని తెలుపు చిహ్నమును శరీరముపై ధరించుట అనేక మతములవారి ఆచారము. సిక్కులు చేతికి ఇనుప కడియమును, క్రైస్తవులలో పలువురు మెడలో సిలువను, శైవులు రుద్రాక్షమాలను ధరింతురు. ఇంటిలో వీనికి అడ్డు చెప్పువారుండరు. పనిచేయు చోటనే చిక్కు వచ్చును. జీతమిచ్చు యజమాని ఆ చిహ్నమును తీసివేయుమనినచో ఉద్యోగి యేమి చేయవలెను? ఇంగ్లండు దేశమున ఇద్దరు స్త్రీలకు ఈ చిక్కే వాటిల్లెను.

మొదటి యామె నాడియా ఎవెయిడా. లండనులోని హీత్రో విమానాశ్రయమున బ్రిటిష్ ఎయిర్‌వేస్ సంస్థలో ఉద్యోగిని. 2006వ సంవత్సరమున ఆమె తన మెడలోని చిన్న సిలువను పైకి కనబడునట్లు ధరింపసాగెను. నగలను యూనిఫారము లోపల దాచుకొనవలెనని సంస్థ నియమము. అయితే అదే సంస్థ సిక్కు ఉద్యోగులకు తలపాగాను, ముస్లిము స్త్రీలకు శిరోవస్త్రమును అనుమతించియుండెను. ఆమె సిలువను దాచుటకు నిరాకరింపగా, సెప్టెంబరు 20వ తేదీన జీతము లేకుండ ఇంటికి పంపిరి. అక్టోబరులో యూనిఫారము అవసరములేని వేరొక పని ఇత్తుమనిరి. ఆమె అంగీకరింపలేదు. 2007 ఫిబ్రవరిలో సంస్థ తన నియమమును మార్చి సిలువను అనుమతించుటతో ఆమె మరల కొలువున చేరెను. కాని పనిలేక గడచిన నెలల జీతమును సంస్థ ఇయ్యలేదు.

రెండవ యామె షర్లీ చాప్లిన్. ఎక్సెటరు నగరమందలి ప్రభుత్వ వైద్యశాలలో వృద్ధులకు పరిచర్యచేయు నర్సు. 1971 నుండియు ఆమె మెడలో సిలువ ఉండెను. 2007లో కంఠభాగమున తెరపిగానుండు క్రొత్త యూనిఫారము రాగా, గొలుసును తీసివేయుమని అధికారులు కోరిరి. రోగి దానిని పట్టి లాగవచ్చుననియు, ఆమె వంగినపుడు సిలువ ఊగి పుండునకు తగులవచ్చుననియు వారి భయము. సిలువను దుస్తులకు గుచ్చుకొను పతకముగా ధరింపవచ్చునని చెప్పిరి. ఆమెకది సమ్మతము కాలేదు. తుదకు ఆమెను నర్సు పని నుండి వేరొక పనికి మార్చిరి.

స్వదేశమున ఇరువురును ఓడిపోయిరి. పిమ్మట తమ ప్రభుత్వము తమ హక్కును కాపాడలేదని, ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బర్గు నగరమందున్న ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమును ఆశ్రయించిరి. ఆ న్యాయస్థానము 2013 జనవరి 15న తీర్పు చెప్పెను. ఏడుగురు న్యాయమూర్తులలో ఐదుగురు ఎవెయిడా పక్షమున నిలిచిరి. ఆమె సిలువ చిన్నది. తలపాగాల వలన సంస్థ పేరుకు హాని కలిగినట్లు నిదర్శనము లేదు. నియమమును తరువాత తానే సడలించుకొనుటచే అది అంత ముఖ్యము కాదని తేలినది. కనుక బ్రిటిష్ ప్రభుత్వము ఆమెకు 2,000 యూరోలు పరిహార మీయవలెననిరి. చాప్లిన్ విషయమున మాత్రము ఏడుగురును ఏకగ్రీవముగ వైద్యశాల పక్షమునే వహించిరి. రోగుల క్షేమము సంస్థ వేషభాషల కంటె గొప్ప కారణము. దానిని నిర్ణయింప వైద్యశాలవారే తగినవారు.

ఇష్టములేనివారు ఉద్యోగము మానుకొనవచ్చును గదా యని కొంద రందురు. వేరు పని దొరకుట యను విషయమును కూడ త్రాసులో వేసి తూచవలెనే గాని, దానితోనే హక్కు అంతరింపదని న్యాయస్థానము చెప్పెను.

మన రాజ్యాంగములోని 25వ అధికరణము కూడ మతస్వాతంత్ర్యమును ప్రసాదించుచు, ప్రజాశాంతికిని, నీతికిని, ఆరోగ్యమునకును లోబడి అది యుండవలెనని నిర్దేశించినది. సిక్కులు కృపాణమును ధరించుట వారి మతాచరణలోనిదే యని అందు స్పష్టముగ వ్రాయబడినది.

బాలబాలికలారా! ఇరువురి మెడలోను ఉన్నది సిలువయే. తీర్పులు వేరగుటకు కారణము అడ్డుపెట్టినవారి హేతువు. రేపు మీరు ఉద్యోగులు కావచ్చును, యజమానులును కావచ్చును. ఒకరి విశ్వాసచిహ్నమును తీయుమని కోరుటకు ముందు, దానివలన ఎవరికైన నిజముగ హాని కలదా యని విచారింపుడు. హాని కలదని తెలిసినపుడు పట్టుదల విడుచుటయు నేర్చుకొనుడు.

ప్రశ్నలు

1. బ్రిటిష్ ఎయిర్‌వేస్ నియమము ఎవెయిడాకు అన్యాయముగ తోచుటకు కారణములేవి?
2. చాప్లిన్ ఓడిపోవుటకు న్యాయస్థానము చూపిన హేతువెట్టిది? అది మీకు సమ్మతమేనా?
3. మతస్వాతంత్ర్యమునకు మన రాజ్యాంగము విధించిన హద్దులను తెలుపుడు.