సంతకం ఉన్న బేస్‌బాల్ కార్డు కొనే ముందు

అమెరికాలో ఉద్యోగం చేస్తూ, ఆఫీసు మిత్రుల మాట విని పాత బేస్‌బాల్ కార్డుల మీద డబ్బు పెడదామనుకుంటున్నారా? 1952 నాటి మికీ మాంటిల్ కార్డు 2022లో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడైన కథ మీ చెవిన పడే ఉంటుంది. ఆ కార్డు మీద సంతకం లేదు. చెక్కుచెదరకుండా ఉన్నందుకు వచ్చిన ధర అది. సంతకం ఉన్న కార్డుల బేరం వేరు. అక్కడ మీరు ముందు సిరాను కొంటారు, తర్వాతే కార్డును.

మోసమంతా ఆ సిరాలోనే. దొంగ సంతకాల ముఠాలను ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో పట్టుకున్నప్పుడు మదర్ థెరిసా ‘సంతకం’ చేసిన బేస్‌బాల్ కూడా బయటపడింది!

అందుకే ముందు కలం వయసు చూడండి. ఆటగాడు లూ గెరిగ్ 1941లో చనిపోయాడు. బాల్‌పెన్ అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 1945లో. అంటే బాల్‌పెన్‌తో ఉన్న ఆయన సంతకం దొంగదే. బేబ్ రూత్ 1948లో పోయాడు, షార్పీ మార్కర్ పుట్టింది 1964లో. షూలెస్ జో జాక్సన్‌కు చదువు రాదు. ఆయన పేరిట భార్యే చాలా సంతకాలు చేసేది. అమ్మేవాడు తనే రాసిచ్చే ధ్రువపత్రాన్ని నమ్మొద్దు. సంతకాలను పరీక్షించే పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ సంస్థల్లో ఏదో ఒకటి దాన్ని పరీక్షించి ఉండాలి. వాళ్ల ధ్రువపత్రం మీది నంబరును వాళ్ల సైట్లో మీరే సరిచూసుకోండి.

కార్డు అంచులు కాస్త నలిగినా నాకు అభ్యంతరం లేదు, సంతకం వెలిసిపోతే మాత్రం వద్దంటాను. ఎవరి సంతకం అరుదో కూడా చూడండి. మాంటిల్ చివరి ఏళ్లలో ప్రదర్శనల్లో వేలకొద్దీ సంతకాలు చేశాడు. రాబర్టో క్లెమెంటే 1972లో విమాన ప్రమాదంలో పోయాడు కాబట్టి ఆయనవి అంత సులభంగా దొరకవు.

ఇక డబ్బు సంగతి. కంపెనీ మ్యాచింగ్ వచ్చేంత వరకూ 401(కె) పదవీ విరమణ ఖాతా నింపాకే ఈ జోలికి వెళ్లండి. మరో పదవీ విరమణ ఖాతా ఐఆర్ఏ సొమ్ముతో కొంటే ఆ మొత్తాన్ని వెనక్కి తీసుకున్నట్టే లెక్కగట్టి పన్ను వేస్తారు. ఏడాది దాటాక అమ్మినా లాభంపై ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు. షేర్లకైతే 20 శాతమే గరిష్ఠం. పైగా వేలం ఖర్చులు. వడ్డీ, డివిడెండు ఊసే లేదు.

ఎండ తగలని చోట దాచండి, బీమా విడిగా చేయించండి. ఇండియాకు తిరిగొచ్చే ఆలోచన ఉంటే విమానం ఎక్కకముందే అమ్మేయండి. హైదరాబాదులో వీటికి కొనేవాళ్లు దొరకడం కష్టం.