పద్యంలో పోలిక ఎక్కడుంది?

ప్రశ్న: పద్యనాటకాలు ఆడతాను. సత్యహరిశ్చంద్ర కాటి సీను పద్యాలు నోటికొచ్చు. కానీ ఏది పోలికో, ఏది ఉన్నమాటో తెలియడం లేదు.
– ఒక నటుడు, తిరుమలాయపాలెం

జవాబు: లోపం మీది కాదు. సంధులు, సమాసాలు మాటల్ని అతికిస్తాయి. రాగం వాటిని సాగదీస్తుంది. ముందు హార్మోనియం ఆపి, పద్యాన్ని వాడుక మాటల్లో విడగొట్టండి. కర్తనూ క్రియనూ పట్టుకోండి. తర్వాత వలె, పోలె, కరణి, మాడ్కి, భంగి వంటివి వెతకండి. దొరికితే సాధారణంగా ఉపమాలంకారమే. ‘చేయవలె’లోని వలె మాత్రం పోలిక కాదు.

అసలు చిక్కు ఒకదాన్ని మరొకటిగానే చెప్పే రూపకాలంకారంతోనే. దానికి గుర్తుమాట ఉండదు. కాటి సీనులో తికమక మరీ ఎక్కువ, ఎందుకంటే మంట అక్కడ నిజంగానే ఉంది. చితిలో మండేది అగ్ని. శోకాగ్ని అంటే శోకమే అగ్ని. రంగం మీద కంటికి కనబడేదేది, మనసులోదేది అని ప్రతి మాటనూ అడగండి. రెండింటినీ ఒకే గొంతుతో పలికితే ప్రేక్షకుడికి రెండూ అందవు.

ఆ సీనులో పాడే జాషువా పద్యాలు ‘శ్మశానవాటి’ ఖండికలోవి. బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకంతో పాటు దాన్నీ విడిగా చదవండి.

శబ్దరత్నాకరం నిఘంటువు చూసినా అన్వయం కుదరకపోతే ఊహించి పాడకండి. పద్యం రాసుకుని దగ్గరి హైస్కూలు తెలుగు పండితుణ్ని కలవండి.