రహస్య నేత్రం

హైదరాబాదు పాతబస్తీ మొదట్లో, మూసీనది దక్షిణతీరాన ఎఱ్ఱరాతి గుమ్మటాలతో నిలిచిన హైకోర్టు భవనం 1920లో ప్రారంభమైంది. 2012 నవంబరు 8వ తేదీన అక్కడ వెలువడిన ఒక తీర్పు క్రీడాకారులతోపాటు పత్రికా రచయితలు కూడా తెలిసికొనదగినది. భారత క్రికెట్ జట్టు మాజీ నాయకుడు మహమ్మద్ అజహరుద్దీన్‌పై క్రికెట్ నియంత్రణ మండలి 2000 డిసెంబరులో విధించిన జీవితకాల నిషేధం చెల్లదని ఆనాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ధర్మాసనం ప్రకటించింది.

అజహరుద్దీన్ ఈ నగరం కన్న బిడ్డ. ఆడిన తొలి మూడు టెస్టులలోనూ శతకాలు సాధించి అందరినీ ఆశ్చర్యపరచినవాడు. తొంభైతొమ్మిది టెస్టులు ఆడినా, నూరవది ఆడే అవకాశం ఆయనకు రాలేదు. 2000 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికా జట్టు నాయకుడు హన్సీ క్రోన్యే ఒక బుకీతో జరిపిన టెలిఫోను సంభాషణలను ఢిల్లీ పోలీసులు బయటపెట్టారు. ఒక బుకీని తనకు పరిచయం చేసినవాడు అజహరుద్దీనేనని క్రోన్యే జూన్‌లో విచారణ సంఘం ఎదుట చెప్పాడు. అజహరుద్దీన్ కాదన్నాడు. సి.బి.ఐ. దర్యాప్తు సాగింది.

ఈ అలజడి నడుమనే, ఆ ఏడాది మే నెలలో, టెహల్కా అనే ఇంటర్నెట్ పత్రిక ఒక సాహసం చేసింది. మాజీ బౌలర్ మనోజ్ ప్రభాకర్ రహస్య కెమెరాతో పాత సహచరుల వద్దకు, క్రికెట్ అధికారుల వద్దకు వెళ్ళి మాటలు కలిపాడు. మిత్రుడితో మాట్లాడుతున్నామనుకున్నవారి మాటలు దేశమంతటికీ వినిపించాయి.

లంచానికి రసీదు ఉండదు. మారువేషం లేనిదే ఇటువంటి గుట్టు బయటపడదనే వాదం కొట్టివేయదగినది కాదు. అయితే కెమెరా పట్టినవాడెవరు? ప్రభాకర్‌కే బుకీలతో సంబంధమున్నదని సి.బి.ఐ. తేల్చగా, మండలి ఆయనను ఐదేళ్ళు బహిష్కరించింది. తనకు డబ్బు ఇవ్వజూపాడని ఆయన వేలెత్తి చూపిన కపిల్‌దేవ్‌పై నమ్మదగిన సాక్ష్యం దొరకలేదు. కాని ఆ నివేదిక రాకమునుపే కపిల్ టెలివిజన్‌లో కన్నీరు పెట్టుకున్నాడు. జాతీయ జట్టు శిక్షకుని పదవిని వదలుకున్నాడు.

హైదరాబాదు ఒకప్పుడు ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లు వంటిది. ఈ నగరవాసి సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత జట్టు 1956 ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానాన్ని, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణాన్ని పొందింది. ప్రపంచ ఫుట్‌బాల్‌లోనూ తరువాతి కాలంలో ఇదే సమస్య తలెత్తింది. 2010లో లండన్ సండే టైమ్స్ విలేఖరులు అమెరికా కంపెనీల ప్రతినిధులుగా నటించి, ప్రపంచకప్ వేదికను నిర్ణయించే ఓటు హక్కు గల ఫిఫా సభ్యులను కలిశారు. ఆ సంభాషణల ఫలితంగా ఇద్దరు సభ్యులను ఫిఫా సస్పెండు చేసింది. ఇక్కడ విలేఖరి కెమెరా దాచడంతో ఆగలేదు, ఎర కూడా వేశాడు. చెప్పినది రికార్డు చేయడం వేరు, చెప్పించడం వేరు. ఈ రెంటి నడుమ గీత సన్ననిది, దానిని దాటే తొందర పత్రికలకు ఎక్కువ.

విలేఖరి చెల్లించే మూల్యం కూడ తక్కువేమీ కాదు. 2018లో ఘనా దేశపు ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు డబ్బు తీసికొంటున్న దృశ్యాన్ని ఒక బృందం రహస్యంగా చిత్రించింది. ఆయన పదవి పోయింది. ఆ బృందంలోని అహ్మద్ హుసేన్ సువాలేను 2019 జనవరిలో అక్రా నగరంలో దుండగులు కాల్చిచంపారు.

దృశ్యం ప్రజలను నమ్మించినంత సులభంగా న్యాయస్థానాన్ని నమ్మించలేదు. అజహరుద్దీన్‌పై నిషేధానికి ప్రధాన ఆధారాలు సి.బి.ఐ. నివేదిక, మండలి సొంత విచారణ. అంత కఠినమైన శిక్షకు అవి చాలవని హైకోర్టు భావించింది. దిగువ న్యాయస్థానం మండలి పక్షాన చెప్పిన తీర్పు అలా రద్దయింది. ఈలోగా పన్నెండేళ్ళు గడిచాయి. తీర్పు వెలువడేనాటికి ఆయన వయస్సు నలభైతొమ్మిది.