కొడవలి కణ వ్యాధి – పంచాయతీల కర్తవ్యము

గిరిజన గ్రామములలో కొందరు బిడ్డలు కాలుసేతుల నొప్పులతో తరచు బాధపడుచుందురు. వారి ఒడలు పాలిపోవును, కన్నులు పచ్చబడును, కొద్దిపాటి జ్వరమే ప్రాణముమీదికి వచ్చును. ఇట్టి వారిలో కొందరికి గలది సికిల్ సెల్ వ్యాధి. ఇది గాలి సోకుటవలన వచ్చినదని మంత్రగాండ్ర నాశ్రయించువారును, తల్లిని నిందించువారును కలరు. దీని నిజమైన కారణమును పంచాయతీ సభ్యులు గ్రహించినచో అనేక కుటుంబములకు మేలు చేయగలరు.

వ్యాధి కారణము

రక్తమునకు ఎరుపురంగు నిచ్చునది హిమోగ్లోబిన్ అను మాంసకృత్తు. ప్రాణవాయువును దేహమంతటికిని చేరవేయుట దాని పని. దానిని మోయు ఎర్రకణములు గుండ్రముగ, మెత్తగ నుండి సన్నని నాళములలో సులభముగ సాగిపోవును.

అమెరికాలోని షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఒక రోగి రక్తములో కొడవలివలె వంగిన కణములున్నట్లు 1910లో ప్రకటించెను. రోగుల హిమోగ్లోబిన్ అణువే వేరని 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు నిరూపించిరి. ఆ భేదము మిక్కిలి స్వల్పమని కొలది సంవత్సరములకే వెర్నాన్ ఇంగ్రామ్ కేంబ్రిడ్జిలో చూపెను. హిమోగ్లోబిన్‌లోని ఒక గొలుసునందు 146 అమైనో ఆమ్లములు దండలోని పూసలవలె కూర్చబడియుండును. వానిలో ఆరవ పూస యొక్కటియే మారినది.

ఆ ఒక్క మార్పుచే, ప్రాణవాయువును విడిచిన పిదప హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అంటుకొని కణమును వంచివేయును. వంగిన కణములు నాళములలో అడ్డుపడుటచే నొప్పి పుట్టును. మామూలు కణము సుమారు 120 దినములు జీవించగా, ఇవి 10 నుండి 20 దినములలోనే నశించుటచే రక్తహీనత కలుగును.

సంక్రమించు విధము

ఇది అంటువ్యాధి కాదు. ఈ గొలుసును నిర్మించు జన్యువులను బిడ్డ తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి పొందును. రెంటిలో ఒకదానియందే ఈ లోపమున్నవారు వాహకులు. వారు సాధారణముగ ఆరోగ్యవంతులే; తీవ్రమైన మలేరియానుండి వారికి కొంత రక్షణయు గలదు. కావుననే మలేరియా ప్రబలిన సీమలలో ఈ జన్యువు తరతరములుగ నిలిచియున్నది.

తల్లిదండ్రులిరువురును వాహకులైనచో ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట నొకవంతు అవకాశము కలదు. మొదటి బిడ్డకు వచ్చినది గనుక తరువాతి వారికి రాదనుకొనుట పొరపాటు. లోపము ఇరువురినుండియు వచ్చునది గనుక తల్లి నొక్కతెనే నిందించుట అన్యాయము.

మనము చేయవలసినది

ఈ వ్యాధిని 2047 నాటికి నిర్మూలింపవలెనను లక్ష్యముతో కేంద్రప్రభుత్వము 2023 జూలై 1వ తేదీన జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. 40 సంవత్సరములలోపు వారికి రక్తపరీక్షలు జరుపుట ఇందు ముఖ్యాంశము. పరీక్షకులు గ్రామమునకు వచ్చునపుడు సభ్యులు ముందుగ తమ యింటివారికి పరీక్ష చేయించి ఇతరులకు మార్గము చూపవలెను. యువతీయువకులు వివాహమునకు ముందే పరీక్ష చేయించుకొనునట్లు ప్రోత్సహింపవలెను. ఫలితములను బయటపెట్టి యెవరిని చులకన చేయరాదు.

వ్యాధిగ్రస్తులైన బిడ్డలకు నీరు సమృద్ధిగ త్రాగించవలెను, చలినుండి కాపాడవలెను, జ్వరము వచ్చిన వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. హైడ్రాక్సీయూరియా అను మందు నొప్పుల రాకను తగ్గించును. దానిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. వర్షాకాలమున బాట తెగిపోవు గూడెములనుండి రోగిని తరలించు ఏర్పాటును పంచాయతీ ముందుగనే ఆలోచించి యుంచుకొనవలెను. నొప్పితో విలవిలలాడు బిడ్డకు ఆ ముందుచూపే ప్రాణరక్ష కాగలదు.