టీవీ మోగుతుంది, మాట తెలియదు!

గోదావరిఖనిలో ఏళ్ళ తరబడి బొగ్గుబాయి పని చేసి దిగిన తాత మీ ఇంట్లో ఉన్నాడా? టీవీ ఎంత గట్టిగా పెట్టినా “ఏమన్నడు?” అని నిన్నే అడుగుతుంటాడా? విసుక్కోకు.

డ్రిల్లు యంత్రాల మోతకు లోపలి చెవిలోని రోమకణాలు చచ్చిపోతాయి, మళ్ళీ పుట్టవు. సాధారణంగా ముందు దెబ్బతినేది సెకనుకు 4,000 కంపనాల దరిదాపు వినికిడి. అచ్చుల బలం తక్కువ కంపనాల్లో ఉంటుంది. క, త, స వంటి హల్లుల ఆనవాళ్ళు ఎక్కువ కంపనాల్లో ఉంటాయి. అందుకే మోత వినిపిస్తుంది, ‘కత్తి’యో ‘పత్తి’యో తేలదు.

దీనికి పలచని టీవీ తోడు! చాలా వాటి స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. గాలిలో ధ్వనివేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. దాన్ని 4,000తో భాగించు: తరంగదైర్ఘ్యం 8.5 సెంటీమీటర్లు. అదే 100 కంపనాలకైతే 3.4 మీటర్లు. పొడవు తరంగం టీవీని చుట్టుకుని వస్తుంది. పొట్టిది అంతగా వంగలేదు.

సౌండ్‌బార్‌లో స్పీకర్లు వరుసగా మన వైపే చూస్తాయి. దాన్ని టీవీ కింద పెట్టు, అలమరలోకి తోయకు. హెచ్‌.డి.ఎం.ఐ. తీగను టీవీకి ‘ఏ.ఆర్‌.సి.’ అని రాసి ఉన్నచోటే తగిలించు. మాటను పెంచే అమరిక ఉంటే వాడు, బేస్ తగ్గించు. పోయిన వినికిడిని మాత్రం ఇది తేలేదు. తాతకు చెవి పరీక్ష చేయించాల్సిందే.

కొనేముందు ఒక ప్రయోగం. మొబైల్‌లో వార్తలు పెట్టి, స్పీకరును ఒకసారి గోడవైపు, ఒకసారి తాతవైపు తిప్పు. ఆయన సరిగా పట్టుకున్న మాటలెన్నో రెండుసార్లూ లెక్క రాయి.