కాంతిబోను

కాంతికి నెట్టు శక్తి కలదు. ఎండలో నిలిచిన మనకది తెలియదు, అంత స్వల్పము. కంటికానని నలుసునకో, అది పెనుగాలియే.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆర్థర్ ఆష్కిన్ 1970లో లేసరు కిరణముతో నీటిలోని సూక్ష్మగోళములను నెట్టెను. అవి ముందుకు పోవుటయే గాక కిరణపు నడిమికిని చేరుచుండెను. గోళములో చొచ్చి వంగిన కాంతి ఒక ప్రక్కకు పోగా, గోళము ఎదురు ప్రక్కకు, అనగా వెలుగు హెచ్చుగానున్న వైపునకు జరుగును. 1986లో ఆయనయు సహచరులును ఒకే కిరణమును కటకముతో బిందువునకు కూర్చి, నలుసు నచ్చటనే నిలిపిరి.

ఆకుపచ్చని కాంతిలో చిక్కిన సూక్ష్మజీవులు చచ్చుచుండెను. 1987లో పరారుణ కాంతిని వాడగా అవి బ్రతికి, బోనులోనే సంతతిని వృద్ధి చేసికొనెను!

1998లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ శాస్త్రజ్ఞులు కాల్సైటు నలుసును ఇట్లే పట్టి, ధ్రువిత కాంతితో బొంగరమువలె త్రిప్పిరి. త్రాడు లేదు, తాకిన చేయి లేదు.

ఆష్కినునకు 2018లో నోబెల్ బహుమానము లభించెను. అప్పటికాయన వయస్సు 96 ఏండ్లు.